నలభై దాటకుండా: చేపల తొట్టి వాక్యానికి ప్రతిపద వ్యాఖ్య

చేపలు పెంచేవాళ్ల మధ్య ఒక వాక్యం తిరుగుతూ ఉంటుంది. తొట్టి కొన్న రోజున దుకాణంలో చెబుతారు. ముందునుంచి పెంచుతున్న స్నేహితుడూ అదే చెబుతాడు. మాటలు కాస్త అటూ ఇటూ అయినా సారం ఇది:

“సైకిల్ అయిన తొట్టిలో మేత కొలిచి వేసి, వారానికి పాతిక శాతం నీళ్లు మారుస్తూ, నైట్రేట్ నలభై దాటకుండా చూసుకోవాలి.”

మంచి వాక్యం. ఇందులో అబద్ధమేమీ లేదు. అయినా దీన్ని అక్షరాలా పాటించిన ఇళ్లలోనూ చేపలు రంగు వెలిసి, తిండి తగ్గి, ఒక్కొక్కటే పోవడం చూశాను. మా ఇంట్లోనూ చూశాను. ఎందుకని చాలాకాలం వెతికాక తెలిసింది, చిక్కంతా అందులోని రెండు అంకెల్లో ఉందని. పాతిక, నలభై అనేవి ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఆ ముడి మీ ఇంటి కుళాయిలోనూ, మీరు వేసే మేతలోనూ ఉంది. ఆ రెండూ తెలియకుండా పాతిక అన్న మాటకు అర్థం రాదు. వాక్యం ఆ సంగతి చెప్పదు కనుక వ్యాఖ్య అవసరమైంది. పద్యాలకు వ్యాఖ్య రాసేవారు అన్వయం కోసం మాటల వరస మార్చుకుంటారు. నేనూ చివర ఉన్న ఒక మాటను ముందుకు తెచ్చుకుంటున్నాను.

నైట్రేట్

వాక్యమంతా దీని చుట్టూ తిరుగుతోంది. నత్రజని వలయం బడిలో చదువుకున్నదే. చేప తిన్న మాంసకృత్తుల్లోని నత్రజని కొంత ఒంటికి పడుతుంది. మిగిలింది ఎక్కువగా మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలోకి వస్తుంది. తినకుండా వదిలేసిన మేత, మలం, కుళ్లిన ఆకు, ఏ మూలనో కనబడకుండా చచ్చిన నత్త, ఇవన్నీ చివరికి ఇచ్చేది అమ్మోనియానే. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది. మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది.

అమ్మోనియా మొప్పలను పాడుచేస్తుంది. నైట్రైట్ రక్తంలో చేరి హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చేస్తుంది. రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా చేప ఊపిరాడక పైకి వచ్చి నోరు తెరుస్తుంది. ఈ రెండింటి ముందు నైట్రేట్ చాలా సాధువు. పెద్ద చేపలను నాలుగు రోజుల్లో చంపాలంటే అది లీటరుకు వందల నుంచి వేల మిల్లీగ్రాములు ఉండాలి.

అయినా లెక్కలో ముందు పెట్టవలసింది దాన్నే. అమ్మోనియాకు నైట్రైట్‌గా మారే దారి ఉంది, నైట్రైట్‌కు నైట్రేట్‌గా మారే దారి ఉంది. మామూలు తొట్టిలో నైట్రేట్‌కు ఏ దారీ లేదు. అది ఆవిరైపోదు. స్పాంజిలో చిక్కదు. ఫిల్టర్‌లో వేసే బొగ్గు దాన్ని పట్టుకోదు. నీళ్లు మరిగిస్తే నీరు తగ్గి నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది. అందుకే తొట్టిలోకి ఎంత వేశాం, ఎంత తీశాం అన్న పద్దు అందులో ఉన్నదున్నట్టు రాసి ఉంటుంది. ఆ పద్దు చదవడం నేర్చుకున్నవాడికి మిగతా విషయాలు చాలావరకు వాటంతట అవే తెలుస్తాయి.

ఒక హెచ్చరిక. కొన్ని కిట్లు, ల్యాబ్ రిపోర్టులు నైట్రేట్ మొత్తాన్ని చెబుతాయి. మరికొన్ని అందులోని నత్రజనిని మాత్రమే చెబుతాయి. రెండో రకం అంకెను 4.4తో గుణిస్తే మొదటిది వస్తుంది. నత్రజనిగా 10 అంటే నైట్రేట్‌గా 44. ఈ తేడా తెలియక “మా నీళ్లలో పదే ఉంది” అని నిశ్చింతగా ఉన్నవాళ్లున్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పే అంకెలు నైట్రేట్ మొత్తానివే, లీటరుకు మిల్లీగ్రాముల్లో. వాడుకలో పీపీఎం అనేది దీన్నే.

సైకిల్ అయిన

ఈ మాటకు చేపలు పెంచేవాళ్లలో ఒకటే అర్థం. అమ్మోనియాను నైట్రేట్ దాకా తీసుకుపోయే బాక్టీరియా తొట్టిలో కాపురం పెట్టిందని. అందుకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత తొట్టిలోని స్పాంజి ముక్క తెచ్చి పెట్టుకుంటే త్వరగా అవుతుంది. సోమవారం తొట్టి కొని, మంగళవారం డజను గోల్డ్‌ఫిష్ వదిలి, ఆదివారానికి ఖాళీ తొట్టి ముందు కూర్చుని ఏడ్చిన పిల్లలు మన ఊళ్లలో ఎంతమందో. ఆ చేపలకు చాలాసార్లు జబ్బేమీ ఉండదు. వాటి అమ్మోనియాను అందుకునే బాక్టీరియా అప్పటికి ఇంకా లేదు.

ఈ బాక్టీరియాను 1890 ప్రాంతంలో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపించాడు. ఆ తరవాత వందేళ్లు పుస్తకాలన్నీ నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అనే జంట పేర్లే చెప్పాయి. 1990ల చివర తిమోతీ హొవనెక్ బృందం మంచినీటి అక్వేరియంలలో వెతికింది. నైట్రైట్ పని చక్కబెడుతున్నది నైట్రోస్పైరా అని తేలింది. 2015లో ఇంకో ఆశ్చర్యం. అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా మొత్తం పని ఒంటరిగా చేసే నైట్రోస్పైరాలు ఉన్నాయని రెండు పరిశోధక బృందాలు ప్రకటించాయి. అందులో ఒక బృందానికి ఆ జీవి దొరికింది చేపల పెంపకానికి తగిలించిన ఫిల్టర్‌లోనే. మన తొట్టి మూలన బుడబుడలాడే స్పాంజిలో ఏం జరుగుతోందో శాస్త్రం ఇప్పుడిప్పుడే తెలుసుకుంటోంది.

ఆ స్పాంజిని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. రెండు వారాలు నడిచిన స్పాంజి ముదురు గోధుమరంగులో, వేళ్లకు జిగురుగా తగులుతుంది. తొట్టి నీళ్లు నింపిన బకెట్‌లో మెల్లగా పిండితే టీ డికాక్షన్ రంగు మబ్బుగా పరుచుకుంటుంది. వాసన చూస్తే మొదటి వాన పడ్డ నేల గుర్తొస్తుంది. అలా ఉంటే లోపల అంతా బాగున్నట్టే. కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపలికి గాలి ఆడలేదన్నమాట. మనలో చాలామంది చేసే పని, ఆ స్పాంజిని మున్సిపల్ కుళాయి కింద పట్టి కొత్తదానిలా అయ్యేదాకా పిండటం. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. సూక్ష్మజీవులను చంపడానికే దాన్ని కలుపుతారు. నెల రోజులు పెంచిన బాక్టీరియా ఒక్క ఉదయంలో పోవచ్చు. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి వదిలేయండి. స్పాంజి తెల్లబడనక్కర్లేదు.

తొట్టిలో

తొట్టి మీద రాసిన లీటర్లు నమ్మకండి. నా తొట్టి మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్క కడితే 127 లీటర్లు. పైన రెండంగుళాలు ఖాళీ, కింద రెండంగుళాల గులకరాళ్లు, మధ్యలో ఒక మొద్దు. ఇవన్నీ పోను ఉండేది దాదాపు వంద లీటర్లే. మందైనా, మేతైనా, నీళ్లు మార్చడమైనా ఆ వందకే లెక్క.

మేత కొలిచి వేసి

‘వేసి’ అనేది క్త్వార్థకం. ముందు ఆ పని అయితేనే తరవాతి పని. వ్యాకరణం ఇక్కడ సరిగ్గా కుదిరింది. మేత పడినప్పుడే నైట్రేట్ లెక్క మొదలవుతుంది. చేపలు ఎన్ని ఉన్నాయన్నది అంత ముఖ్యం కాదు, మనం ఎంత మేత వేశామన్నదే లెక్కకు వచ్చేది.

లెక్క వేసి చూద్దాం. గుళికల డబ్బా మీద ప్రోటీన్ 40 శాతం అని ఉందనుకోండి. గ్రాము మేతలో 400 మిల్లీగ్రాముల ప్రోటీన్. ప్రోటీన్‌లో నత్రజని సుమారు 16 శాతం, అంటే 64 మిల్లీగ్రాములు. అందులో పావు వంతు చేప ఒంటికి పట్టిందనుకుంటే 48 నీళ్లలోకి వస్తాయి. నైట్రేట్‌గా మారితే 210 చిల్లర. వంద లీటర్ల తొట్టిలో అది లీటరుకు 2. రోజుకు గ్రాము చొప్పున వారానికి సుమారు 15.

గ్రాము ఎంతో తెలుసుకోవాలని నగల తూకం లాంటి చిన్న డిజిటల్ త్రాసు మీద తూచి చూశాను. మేత డబ్బాతో వచ్చిన చిన్న చెంచా నిండా పోస్తే దాదాపు గ్రామున్నర వచ్చింది. మా ఇంట్లో పొద్దున నేను ఒక చెంచా, సాయంత్రం మా అమ్మ ఒక చెంచా వేసేవాళ్లం. “పాపం, అద్దం దగ్గరికొచ్చి చూస్తున్నాయిరా” అనేది అమ్మ. ప్రేమతోనే వేసేది. రోజుకు మూడు గ్రాములు, వారానికి 45 పీపీఎం. చేప అద్దం దగ్గరికి రావడం ఆకలికి గుర్తు కాదు. మనిషి వస్తే మేత పడుతుందని అది నేర్చుకుంది, అంతే. చెంచా తీసేసి, రోజుకు ఒకసారి చిటికెడు, రెండు నిమిషాల్లో తినేసేంత అని పెట్టుకున్నాక తొట్టిలో సగం సమస్యలు పోయాయి. వారంలో ఒకరోజు ఉపవాసం పెద్ద చేపలకు ఏ హానీ చేయదు. చేపపిల్లలకు మాత్రం ఆ ఉపవాసం పెట్టకూడదు.

వారానికి

ఎందుకు వారం? నెలకోసారి ఒక్కసారే ఎక్కువ మార్చుకుంటే కుదరదా? ఈ ప్రశ్నకు జవాబు నాకు మా మేనల్లుడి తొట్టి చెప్పింది.

విజయవాడలో మా చెల్లెలి ఇంట్లో వాడికో గోల్డ్‌ఫిష్ తొట్టి. ఇంటర్ పరీక్షలని మూడు నెలలు నీళ్లు ముట్టుకోలేదు. పైన తగ్గిన నీళ్లు నింపుతూ వచ్చాడు. చేపలు బాగానే తిరిగాయి. పరీక్షలైన మర్నాడు వాటి మీద జాలిపడి సగం తీసి కొత్త నీళ్లు పోశాడు. సాయంత్రానికి ఫోన్. “మామయ్యా, ఇన్నాళ్లు మురికిలో బతికినవి మంచినీళ్లు పోస్తే చచ్చిపోయాయేంటి?”

బాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. నీళ్లలోని క్షారత ఆ ఆమ్లాన్ని మింగుతూ తాను కరిగిపోతుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి సుమారు 7 మిల్లీగ్రాముల క్షారత ఖర్చు. ఇందాకటి గ్రాము మేత లెక్కలో ఇది వారానికి లీటరుకు 24. కుళాయి నీళ్లలో క్షారత 120 ఉంటే, కొత్త నీళ్లు రాకపోతే, అయిదు వారాలకు ఆ క్షారత మొత్తం తినేసినట్టే. పైన నింపే నీళ్లు కొంత ఇస్తాయి, అది చాలదు. ఆ తరవాత పీహెచ్ జారిపోతుంది. పీహెచ్ బాగా పడిపోతే బాక్టీరియా కూడా మందగిస్తుంది, అమ్మోనియా పోగుపడుతుంది. కానీ ఆ ఆమ్లపు నీళ్లలో అది దాదాపు మొత్తం అమ్మోనియం రూపంలో ఉంటుంది. అమ్మోనియం అంత విషం కాదు. అందుకే చేపలు బాగున్నట్టే కనిపిస్తాయి.

25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 వద్ద విషరూపమైన అమ్మోనియా మొత్తంలో అర శాతం చిల్లర. 8 వద్ద 5 శాతం. 9 వద్ద మూడో వంతు పైనే. మా వాడు సగం కొత్త నీళ్లు పోయగానే పీహెచ్ ఒక్కసారి పైకి లేచింది. మిగిలిన సగంలో నిద్రపోతున్న అమ్మోనియం అమ్మోనియాగా లేచింది. ఇది వాడి నిర్లక్ష్యమని నేను అనను. ఈ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. అలాంటి పాత తొట్టి మీ దగ్గర ఉంటే రోజుకు పదో వంతు చొప్పున పదిహేను రోజులు మార్చండి. అమ్మోనియా పరీక్ష చేస్తూ మార్చండి.

పాతిక శాతం

ఇక అసలు చోటికి వచ్చాం. పాతిక మార్చితే నైట్రేట్ పాతిక శాతం తగ్గుతుంది, నిజమే. కానీ మర్నాటి నుంచి మళ్లీ చేరుతుంది. చేరేది, తీసేది ఎక్కడ సరితూగుతాయి?

కుళాయి నీళ్లలో నైట్రేట్ సున్నా అనుకుందాం. వారానికి 15 చేరుతోంది. మొదటి వారాంతం 15, పాతిక తీస్తే 11. రెండో వారం 26, తీస్తే 20. మూడో వారం 35, తీస్తే 26. నాలుగో వారం 41. మొదటి నెల అంతా బాగుందనిపించి, సరిగ్గా మనం పరీక్షలు మానేసే సమయానికి నలభై దాటుతుంది. అక్కడ ఆగదు. పైకి పోతూ పోతూ 60 దగ్గర నిలుస్తుంది. ఎందుకంటే 60లో పాతిక శాతం 15. వారం వారం చేరే 15ను అప్పుడే పూర్తిగా తీయగలం.

సూత్రం ఇంతే. వారంలో చేరేదాన్ని మీరు మార్చే భాగంతో భాగించండి. పావు మార్చితే నాలుగు రెట్లు, మూడో వంతు మార్చితే మూడు రెట్లు, సగం మార్చితే రెండు రెట్లు. 15కు సగం మార్చితే 30 దగ్గర ఆగుతుంది. మేత సగానికి తగ్గిస్తే పావు మార్చినా 30 దగ్గరే ఆగుతుంది. బకెట్లు మోయడం ఇష్టమా, మేత తగ్గించడం ఇష్టమా అన్నది ఎవరి వీలు వారిది. ఏదీ చేయకుండా పాతికను మంత్రంలా జపిస్తే అరవై తప్పదు.

నీళ్లు

ఈ ఒక్క మాట గురించే వ్యాసమంతా రాయవచ్చు. పై లెక్కలో కుళాయి నీళ్లు సున్నా అన్నాను. మన దగ్గర అది చాలా ఇళ్లలో అబద్ధం.

మా కాలనీలో అప్పట్లో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేదు. ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు, దానికి యాభై అడుగుల్లో బోరు. మేత తగ్గించాను, సగం నీళ్లు మార్చాను, అయినా తొట్టిలో నైట్రేట్ ఎప్పుడు చూసినా అరవైకి తగ్గదు. కిట్ పాడైందనుకుని కొత్తది కొన్నాను. అదీ అరవయ్యే చూపించింది. చివరికి ఒక రాత్రి, ఎందుకు తోచిందో తెలియదు, వంటింటి కుళాయి తిప్పి పరీక్ష గొట్టంలోకి అయిదు మిల్లీలీటర్లు పట్టాను. అయిదు నిమిషాల్లో పసుపు రంగు నారింజకు, నారింజ ఎరుపుకు తిరిగింది. ముప్ఫైకి తక్కువ కాదు. రెండేళ్లుగా నేను నైట్రేట్ తీసి నైట్రేట్ పోస్తున్నాను. చేపలకంటే ముందు ఆ నీళ్లు మేం తాగుతున్నామన్న సంగతి ఆ గొట్టం పట్టుకునే గుర్తొచ్చింది.

కాబట్టి సూత్రం పూర్తి చేయాలి. కుళాయిలో ఉన్నదాన్ని పైన కలపాలి. నా బోరులో 30, వారానికి చేరేది 15. పావు మార్చితే 30కి 60 కలిపి 90. సగం మార్చితే 60. తొట్టి మొత్తం ఖాళీ చేసి నింపినా వారాంతానికి 45. అంటే ఆ నీళ్లతో, ఆ మేతతో నలభై అనేది అందని పండు.

ఇది నా ఒక్కడి బాధ కాదు. తాగునీటికి భారతీయ ప్రమాణం నైట్రేట్ 45 దాటకూడదంటుంది. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదికలో తెలంగాణ నమూనాల్లో నాలుగో వంతుకు పైగా, ఆంధ్రప్రదేశ్ నమూనాల్లో నాలుగో వంతుకు కాస్త తక్కువ ఆ గీత దాటాయి. యూరియా, పశువుల పేడ, ఇంటి మురుగు, మూడూ నేలలోకి దిగి నీటితో కలుస్తున్నాయి. మన చెరువుల మీద గుర్రపుడెక్క అంత ఒత్తుగా పెరగడానికి కారణం ఆ మురుగు నత్రజనీ, భాస్వరమే.

ఏం చేయాలి? నది నీళ్లు వచ్చే మున్సిపల్ కనెక్షన్ ఉంటే అది వాడండి, క్లోరిన్ పోగొట్టి. దుకాణాల్లో యాంటీ క్లోరిన్ అని అమ్మేది ఎక్కువగా సోడియం థయోసల్ఫేట్. ఒకప్పుడు ఫొటో స్టూడియోల్లో వాడిన హైపో అదే. అది క్లోరిన్‌కే మందు, నైట్రేట్‌ను ఏమీ చేయదు. ఇంట్లో ఆర్‌వో ఉంటే ఆ నీళ్లను బోరు నీళ్లతో సగం సగం కలపండి. ఒట్టి ఆర్‌వో నీళ్లు పోయకండి, క్షారత లేక పీహెచ్ కూలుతుంది. ఆర్‌వో పక్క గొట్టం నుంచి వృథాగా పోయే నీళ్లను మాత్రం తొట్టికి ఎప్పుడూ పట్టవద్దు. పొర ఆపేసిన నైట్రేట్ అంతా అందులోనే ఉంటుంది. నీళ్లు వృథా కాకూడదన్న మంచి బుద్ధితోనే చాలామంది ఈ తప్పు చేస్తున్నారు. వానాకాలంలో తొలి వానలకు డాబా కడిగేసుకున్నాక పట్టిన నీళ్లు కూడా కలుపుకోవచ్చు.

నేను ఆర్‌వో కలిపి కుళాయి భాగాన్ని 15కు దింపాను. మేత సగం చేసి చేరేదాన్ని ఏడున్నరకు దింపాను. వారానికి మూడో వంతు మారుస్తాను. 15కు 22.5 కలిపితే 37.5. కిట్ చూపించేది కూడా దాదాపు అంతే.

మారుస్తూ

‘మార్చి’ అనలేదు, ‘మారుస్తూ’ అన్నారు. శత్రర్థకం. పని ఎప్పటికీ ముగియదని ఆ ‘తూ’ చెబుతోంది. చేపలున్నంత కాలం.

మార్చడంలో చెప్పుకోవలసింది కొద్దే. అరంగుళం గొట్టంతో కింద గులకరాళ్ల మధ్య నుంచి మడ్డి లాగండి, పైపై నీళ్లు తోడితే మురికి అక్కడే ఉండిపోతుంది. కొత్త నీళ్లు తొట్టి నీళ్లంత వేడిలో ఉండాలి. మే నెల మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు నేరుగా పోస్తే చేపలు ఉడుకుతాయి. రాత్రే బకెట్లలో పట్టి పెట్టుకోండి. తీసిన నీళ్లు మా ఇంట్లో కరివేపాకు చెట్టుకు పోతాయి. ఆ చెట్టు పెరిగిన తీరు చూస్తే నైట్రేట్ ఎవరికి ఏమిటో అర్థమవుతుంది.

నీళ్లు మార్చకుండా నైట్రేట్ తీసే దారి మొక్కలు. మన ఇళ్లలో అందరికీ ఉన్న మనీ ప్లాంట్ తీగను తొట్టి వెనక అంచుకు కట్టి, వేళ్లు మాత్రం నీళ్లలోకి వదిలితే నెలలో తెల్లటి వేళ్లు జుట్టులా దిగుతాయి. నాచు, అంతర తామర కూడా బాగా పీలుస్తాయి. మొక్కలు నైట్రేట్ కంటే అమ్మోనియంనే ఇష్టంగా తీసుకుంటాయి, అదీ మేలే. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. మొక్క పీల్చిన నత్రజని ఆకులో ఉంటుంది. ఆ ఆకు తొట్టిలోనే కుళ్లితే తిరిగి నీళ్లలోకే వస్తుంది. కత్తిరించి బయట వేసిన ఆకే పద్దులో ఖర్చు. దట్టంగా మొక్కలు పెంచి బొగ్గుపులుసు గాలి కూడా ఇచ్చేవాళ్ల తొట్టెల్లో నైట్రేట్ సున్నాకు పడిపోయి, ముదురాకులు పండిపోతాయి. వాళ్లు పొటాషియం నైట్రేట్, అదే మన సురేకారం, కొలిచి కలుపుతారు. ఎరువుల కొట్లో 13-0-45 అని దొరికేది అదే. ఒకరికి విషమన్నది మరొకరు కొని తెచ్చి పోస్తున్నారు, ఇద్దరూ సరైనదే చేస్తున్నారు.

నలభై

నలభై గీత ఎవరో ఒకరు ఒక రోజున గీసింది కాదు, పెంపకందార్ల వాడుకలో స్థిరపడింది. కానీ గాలిలోంచి పుట్టిందీ కాదు. 2005లో కమార్గో, అలోన్సో, సలమాంకా అనే శాస్త్రవేత్తలు మంచినీటి జీవులపై అప్పటిదాకా జరిగిన నైట్రేట్ పరిశోధనలను సమీక్షించారు. నత్రజనిగా 10, అంటే నైట్రేట్‌గా 44, దీర్ఘకాలం కొనసాగితే కొన్ని చేపలకూ, ఉభయచరాలకూ, వెన్నెముక లేని జీవులకూ హాని చేయగలదన్నారు. అతి సున్నితమైనవాటిని కాపాడాలంటే నత్రజనిగా 2 మించకూడదన్నారు. నైట్రేట్‌గా అది 9.

కనుక గప్పీ, మోలీ, గోల్డ్‌ఫిష్ పెద్దవాటికి నలభై సరే. గుడ్లు, పిల్లలు, రొయ్యలు ఉన్న తొట్టికి ఇరవై లోపే నా గీత. డిస్కస్ పెంచేవాళ్లు ఇంకా కిందికి దించుతారు, వాళ్ల మాట వినండి.

దాటకుండా చూసుకోవాలి

‘చూసుకోవాలి’ అన్నారు. కంటికి కనబడనిదాన్ని ఎలా చూడాలి? భీమవరం, కైకలూరు వైపు చెరువు రైతు గట్టు మీద నిలబడి నీళ్ల రంగు చూసి సగం సంగతి చెప్పగలడు, ఆ పచ్చదనం నత్రజనిని తినే ప్లాంక్టన్‌ది కనుక. అతనూ మిగతా సగానికి ల్యాబ్‌కు నీళ్లు పంపుతాడు. గాజు తొట్టిలో ఆ సగం ఆనవాలు కూడా లేదు. నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు. వంద ఉన్న నీళ్లు కూడా తళతళ మెరుస్తాయి.

అందుకు కిట్. కాగితపు పట్టీలు సుమారుగా చెబుతాయి. చుక్కల మందు కిట్ మేలు. ఆ సీసాల్లోని మందు ముందు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది, తరవాత 19వ శతాబ్దంలో పీటర్ గ్రీస్ కనిపెట్టిన రంగు చర్యతో ఎరుపెక్కిస్తుంది. మార్చే పొడి సీసా అడుగున గట్టిగా పేరుకుంటుంది. నాలుగుసార్లు ఊపి చుక్కలు వేస్తే నైట్రేట్ లేదనో తక్కువనో చూపిస్తుంది. సీసాను అర నిమిషం బలంగా కొట్టి ఊపండి. చుక్కలు వేశాక గొట్టాన్ని కూడా నిమిషం ఊపండి. చెప్పినన్ని నిమిషాలు ఆగి, తెల్ల కాగితం ముందు, పగటి వెలుగులో రంగు పోల్చండి. తొట్టి ఇంకా సైకిల్ కాకపోతే అందులోని నైట్రైట్‌ను కూడా ఈ పరీక్ష నైట్రేట్‌గానే చూపుతుందని గుర్తుంచుకోండి.

ఈ ఆదివారం నీళ్లు మార్చబోయే ముందు రెండు గొట్టాలు తీసుకోండి. ఒకదాంట్లో తొట్టి నీళ్లు పట్టండి, రెండోదాంట్లో మీరు పోయబోయే నీళ్లు పట్టండి. రెండు అంకెలూ తేదీ వేసి తొట్టి పక్క గోడ మీదే పెన్సిల్‌తో రాయండి. రెండో గొట్టం ఎర్రబడితే, ఆ కుళాయి నీళ్లు తాగే పిల్లలు ఇంట్లో ఉంటే, తొట్టి సంగతి తరవాత చూద్దురుగాని, ముందు ఆ నీళ్లను ల్యాబ్‌కు పంపండి.